ఇంద్రవెల్లి దారిలో పందొమ్మిదో అధికరణం

ఆదివాసుల సభను ఆపిన పరిమితి ఒకటి. ఆదివాసుల భూమిని కాపాడాల్సిన పరిమితి ఇంకొకటి. రెండూ రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉన్నాయి. ఖానాపూర్ నియోజకవర్గంలో గట్టిగా అమలైంది మాత్రం మొదటిదే.

పుష్యమాసంలో గోండుల్లోని మెస్రం వంశస్తులు కేస్లాపూర్ నుంచి కాలినడకన బయలుదేరతారు. తెల్లని ధోవతులు, తలపాగాలు, చెప్పుల్లేని కాళ్లు, ఒకరి తర్వాత ఒకరు మోసే ఝరీ అనే నీళ్ల పాత్ర. అడవి దారుల వెంట ఊరూరా ఆగుతూ జన్నారం మండలంలోని హస్తినమడుగు చేరి, గోదావరి నీళ్లు నింపుకుని వెనక్కి మళ్లుతారు. పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ ఆ నీళ్లతోనే. జాతరలో ఒకరోజు దర్బారు ఉంటుంది. కుమ్రం భీం నేలకొరిగాక ఇక్కడికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లలో పెట్టించిన ఆనవాయితీ అది. మంత్రులు, కలెక్టర్, ఐటీడీఏ పీవో వేదిక మీద ఉంటారు, ఆదివాసులు కింద అర్జీలు పట్టుకుని నిలబడతారు. వేల మంది జమవుతారు. మైకులు మోగుతాయి. ఇంతమంది ఎందుకు కూడారని ఎవరూ అడగరు.

కేస్లాపూర్ ఉన్నది ఇంద్రవెల్లి మండలంలో. అదే మండలంలో, అదే జనం, అర్జీ పట్టుకుని నిలబడకుండా తమంతట తాము వేదిక వేసుకుంటామన్న రోజు ఒకటుంది. దాన్ని చెప్పకుండా ఇక్కడ పౌరహక్కుల గురించి ఏం మాట్లాడినా గాలిమాటే.

ఖానాపూర్ పట్టణం నిర్మల్ జిల్లాలో, గోదావరికి దగ్గర్లో, సదర్మాట్ ఆయకట్టు పక్కన ఉంటుంది. ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గంగా చూస్తే దాని రెక్కలు చాలా దూరం చాచుకుని ఉన్నాయి. కడెం ఇటు, ఉట్నూర్, ఇంద్రవెల్లి అటు, జన్నారం ఇంకో దిక్కు. 2016లో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయ్యాక ఈ ఒక్క నియోజకవర్గం మూడు జిల్లాల్లోకి పంచుకుపోయింది. సభ పెట్టుకునేవాడికి ఈ పంపకం తెచ్చిపెట్టిన చిక్కు సంగతి తర్వాత చెబుతాను.

సోమవారం సంత

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత. గిరిజన రైతు కూలీ సంఘం తన సభ కూడా ఆ రోజే పెట్టుకుంది. చుట్టుపక్కల గూడేల జనం వారానికోసారి కలిసే చోటు అదే మరి. ఉప్పుకూ మిరపకాయకూ వచ్చినవాళ్లున్నారు, సభకు వచ్చినవాళ్లున్నారు, రెంటికీ వచ్చినవాళ్లున్నారు. ఎవరు ఎందుకొచ్చారో విడదీయడం ఎవరి తరం? పోడు భూములకు పట్టాలివ్వాలి, గిరిజనేతరుల చేతుల్లోకి పోయిన భూములు తిరిగి రావాలి, పంటకు గిట్టుబాటు ధర రావాలి, షావుకార్ల దోపిడీ ఆగాలి. సంఘం అడిగినవి ఇవి. సంఘం వెనక నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ ఉందన్నది సర్కారు గుబులు. అందులో అబద్ధమూ లేదు.

మొదట ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేశారు. నిషేధాజ్ఞలు పెట్టారు. దారుల్లో కొందరిని ఆపారు. ఆ కబురు అందని గూడేల నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నం పోలీసులు కాల్పులు జరిపారు. జనమే తమ మీద దాడికి దిగారన్నది వాళ్ల వాదన. అధికారిక లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క 60 దాటింది. ఊళ్లలో చెప్పుకునే లెక్క ఇంకా పెద్దది. అప్పుడు ముఖ్యమంత్రి టి. అంజయ్య.

ఇక్కడొక చట్టం పుస్తకం తెరిచి చూడాలి. సీఆర్‌పీసీ 144 సెక్షన్ కింద ఇచ్చిన నిషేధ ఉత్తర్వును మీరితే శిక్ష పడేది అప్పటి భారత శిక్షాస్మృతి 188వ సెక్షన్ కింద. ఆ సెక్షన్ మొదలయ్యేదే ‘తెలిసి’ మీరినవాడి గురించి. ఉత్తర్వు ఉందని తెలియనివాడు నేరస్తుడు కాడు. తెలిసి మీరినా, దానివల్ల మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చినా, గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. మామూలు ఉల్లంఘనకైతే నెల రోజుల సాధారణ ఖైదు, రెండు వందల రూపాయలు. చట్టవిరుద్ధమైన గుంపును చెదరగొట్టే అధికారం పోలీసుకు ఉంది, కాదనలేం. ముందు వెళ్లిపొమ్మని చెప్పాలి, వినకపోతేనే బలప్రయోగం, అదీ అవసరమైనంత మేరకే. సంతకు వచ్చిన జనం సంతలో ఉండగా ఈ వరుస ఎంతవరకు పాటించారో 13 దగ్గర ఆగిన లెక్క కూడా చెప్పేస్తుంది.

అసలు లెక్క ఎంతని గూడేలు తిరిగి అడిగినవాళ్లున్నారు. 1974లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఉత్తర తెలంగాణ పల్లెల్లో చేసిన పని ముఖ్యంగా అదే. శవాలను లెక్కపెట్టడం, పేర్లు రాయడం, పోలీసు ప్రకటన పక్కన ఊరివాళ్ల మాటను పెట్టడం. ఎవరికీ ఇష్టం లేని పని. వరంగల్‌లో పిల్లల డాక్టరుగా పేరున్న రామనాథం ఆ సంఘం నాయకుడు. 1985 సెప్టెంబరు 3న ఆయన్ను క్లినిక్‌లోనే కాల్చిచంపారు.

రెండు కంచెలు

19(1)(బి) చిన్న వాక్యం. పౌరులందరికీ శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు ఉంది. ‘ఆయుధాలు లేకుండా’ అన్నచోట ఆదిలాబాద్ అడవి తెలిసినవాళ్లు కాస్త ఆగుతారు. గోండు మనిషి భుజాన గొడ్డలి ఆయుధమా, పనిముట్టా? ఢిల్లీలో కూర్చుని రాసినవాళ్లకు ఆ సందేహం వచ్చి ఉండదు. బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్‌కు మాత్రం నిమిషంలో తేల్చుకోవాల్సి వస్తుంది.

ఈ హక్కు చుట్టూ కంచె 19(3). దేశ సార్వభౌమత్వం, సమగ్రత కోసం, ప్రజాశాంతి కోసం సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చు. అంతవరకే. సర్కారుకు ఇబ్బందిగా ఉందనో, సభ పెట్టేవాళ్ల రాజకీయాలు నచ్చలేదనో అందులో లేదు. ఈ ‘ప్రజాశాంతి’ని ఎంత దూరం సాగదీయవచ్చో తేల్చిన తొలి తీర్పుల్లో ఒకటి రాజమండ్రిలో పుట్టిన మన కోకా సుబ్బారావు రాశారు. ఉత్తరప్రదేశ్‌లో కాలువ నీటి రేట్లు పెంచితే, కట్టొద్దని రైతులకు పిలుపిచ్చినందుకు రామ్‌మనోహర్ లోహియాను జైల్లో పెట్టారు. 1960లో సుప్రీంకోర్టు ఆ అరెస్టుకు వాడిన చట్టం సెక్షన్‌ను కొట్టేసింది. మాటకూ కల్లోలానికీ మధ్య దగ్గరి సంబంధం కనబడాలి, ఎక్కడో దూరాన ఏదో జరగొచ్చన్న ఊహ చాలదన్నది సుబ్బారావు వాదన సారం. రైతుల సభల మీద ఆంక్షలు పెట్టే ప్రతి అధికారీ చదవాల్సిన తీర్పు. చదివినట్టు ఆనవాళ్లు తక్కువ.

రెండో కంచె అదే అధికరణంలో కాస్త కిందికి, 19(5)లో ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు అరుదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లవచ్చు, ఎక్కడైనా స్థిరపడవచ్చు అన్న స్వేచ్ఛకు ఇది హద్దు గీస్తుంది. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాలను కాపాడటానికి ఆ స్వేచ్ఛ మీద ఆంక్షలు పెట్టవచ్చునని పేరు పెట్టి మరీ చెబుతుంది. మొదట్లో ఆస్తి సంపాదించుకునే హక్కు కూడా ఈ హద్దు కిందే ఉండేది. 1978 నాటి 44వ సవరణతో ఆ హక్కే ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయింది. అంటే పౌరస్వేచ్ఛకు పరిమితి అనగానే లాఠీనే గుర్తుకు రానక్కర్లేదు. బలవంతుడి స్వేచ్ఛకు పెట్టిన పరిమితి బలహీనుడికి నీడ కావాలన్నది ఇక్కడి ఉద్దేశం.

ఆ ఉద్దేశానికి మన దగ్గరి రూపం 1/70. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను సవరిస్తూ 1970లో వచ్చిన ఈ రెగ్యులేషన్ ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి అమ్మడం చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా ఒకప్పుడు గిరిజనుడిదే అన్న భావనతో చట్టం మొదలవుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది సాగు చేస్తున్నవాడే. దేశంలో ఇంత గట్టి చట్టాలు కొన్నే ఉన్నాయి. ఇది తమ హక్కుల మీద దెబ్బ అంటూ గిరిజనేతరులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది.

ఇప్పుడు 1981 నాటి కోరికల జాబితా మళ్లీ చదవండి. చేజారిన భూములు తిరిగి ఇప్పించమన్న కోరిక కొత్త విప్లవమేమీ కాదు. పదకొండేళ్ల కిందట సర్కారే తెచ్చిన చట్టాన్ని అమలు చేయమనడం. రెండో కంచె నిలబెట్టమని అడగడానికి వచ్చినవాళ్ల మీద మొదటి కంచె విరుచుకుపడింది. సంఘం రాజకీయాలు ఏమైనా కానివ్వండి, ఆ కోరిక మాత్రం అక్షరాలా రాజ్యాంగంలోదే.

ఏటా అదే ఉత్తర్వు

కాల్పులు జరిగిన నేలకు దగ్గర్లో హీరాపూర్ వైపు ఎర్ర స్తూపం లేచింది. 1986 మార్చిలో దాన్ని కూల్చేశారు. తర్వాత ఐటీడీఏ సొమ్ముతో సర్కారే మళ్లీ కట్టించింది. కట్టించిన సర్కారే దాని దగ్గరికి పోవద్దంది. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 రాగానే 144 సెక్షన్, చెక్‌పోస్టులు, బలగాలు. చనిపోయినవాళ్ల కుటుంబాలు దండ వేయాలన్నా దినం కాని దినాన పోవాలి.

చట్టం చూస్తే 144 స్వభావమే వేరు. అది అత్యవసర మందు. ముప్పు ముంచుకొచ్చినప్పుడు, వేరే దారి లేనప్పుడు, రాతపూర్వకంగా, కారణాలు చూపి ఇవ్వాలి. రెండు నెలలకు మించదు. రాష్ట్ర ప్రభుత్వం తలిస్తే ఇంకో ఆరు నెలల వరకు పొడిగించవచ్చు. ఈ సెక్షన్ చెల్లుతుందని 1961లో చెప్పిన సుప్రీంకోర్టే, 1983లో కలకత్తా ఆనందమార్గ్ కేసులో ఒకే ఉత్తర్వును మళ్లీ మళ్లీ తిరగరాయడం తప్పంది. 2020 జనవరి 10న కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో అదే మాటను ఇంకా గట్టిగా చెప్పింది. ఉత్తర్వులను ప్రజలకు తెలిసేలా ప్రకటించాలి, పదేపదే జారీ చేయడం అధికార దుర్వినియోగం, న్యాయమైన అభిప్రాయాన్నీ నిరసననూ నొక్కేయడానికి 144 పనికిరాదు. ఆ ధర్మాసనంలో ముగ్గురు జడ్జీలుంటే ఇద్దరు తెలుగువాళ్లే, ఎన్వీ రమణ, ఆర్. సుభాష్‌రెడ్డి. కశ్మీర్ కోసం రాసినా ఆ తీర్పులో ఇంద్రవెల్లి తేదీ వేసుకుంటే ఒక్క పదం మార్చనక్కర్లేదు.

తర్వాత రోజులు మారాయి, రాజకీయాలు మరింత మారాయి. తెలంగాణ వచ్చాక ఆంక్షలు క్రమంగా సడలాయి. 2021 ఆగస్టు 9న, ప్రతిపక్షంలో ఉన్న రేవంత్‌రెడ్డి తన దళిత గిరిజన దండోరాను ఇంద్రవెల్లిలోనే మోగించారు. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రిగా వచ్చి అమరుల స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. జనాన్ని రానివ్వని చోటికి పార్టీలే జనాన్ని తరలించే రోజులొచ్చాయి. సంతోషమే. కానీ సభ ఎవరిదన్న దాన్నిబట్టి అనుమతి మారితే అది హక్కు కాదు, దయ.

ఠాణాలో దరఖాస్తు

ఈ రోజుల్లో ఏ రైతు సంఘమో, ఆశా వర్కర్లో, నిరుద్యోగ యువకులో ఒక సభ తలపెట్టారనుకుందాం. పది రోజుల ముందు దరఖాస్తు రాసుకుని ఠాణాకు వెళతారు. ‘పైకి పంపినం, రానీయండి’ అంటారు. మూడు రోజులాగి వెళితే, ‘ఇంకా రాలే సారూ.’ సభకు ముందు సాయంత్రం ఫోన్ వస్తుంది, పర్మిషన్ లేదని. కాగితం ఇవ్వమంటే, ‘చెప్పినం కదా.’ తెల్లారకముందే ముఖ్యుల ఇళ్ల ముందు జీపు ఆగుతుంది. మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో ఒక ఫొటో, కింద ‘ముందస్తు అరెస్టు’ అని రెండు లైన్లు. సాయంత్రానికి సొంత పూచీకత్తు మీద వదిలేస్తారు. మరీ మాట వినని వాడైతే తహసీల్దార్ ముందుకు తీసుకెళ్లి బైండోవర్.

ఒక్కో అడుగుకూ చట్టంలో మూలం ఉంది. ఒక్కో అడుగూ ఆ మూలాన్ని దాటిపోయింది. ముందస్తు అరెస్టుకు పాత సీఆర్‌పీసీలో 151, ఇప్పటి నాగరిక్ సురక్ష సంహితలో 170. కాగ్నిజబుల్ నేరం చేసే పన్నాగం ఉందని పోలీసుకు తెలిసి, అరెస్టు తప్ప ఆపే దారి లేనప్పుడే. 24 గంటలు మించరాదు. ముఖ్యమంత్రి పర్యటన రోజున వినతిపత్రం ఇవ్వాలనుకోవడం ఏ కాగ్నిజబుల్ నేరం? ఇక గృహనిర్బంధం అని పేపర్లు రోజూ రాసేదానికి పోలీసు రాసుకోవడానికి సెక్షనే లేదు. గడప ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడమే సెక్షన్.

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే ఇంకో వార్త ‘నెల రోజుల పాటు 30 యాక్ట్ అమలు’. 1861 నాటి పోలీసు చట్టం 30వ సెక్షన్ రోడ్ల మీద ఊరేగింపులను క్రమబద్ధం చేయడానికి, అవసరమైతే లైసెన్సు అడగడానికి అధికారం ఇస్తుంది. నెలనెలా తిరగేసి సభలన్నిటికీ తాళం వేయడానికి కాదు. సభకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన నిజాం ‘గస్తీ నిషాన్ 53’ను తిట్టుకుంటూ పెరిగిన ప్రాంతం ఇది. 1857 తర్వాతి బ్రిటిష్ చట్టంతో అదే పని చేయించుకుంటున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ 30వ సెక్షన్‌కే ఒక పరీక్ష ఎదురైంది. 2022 డిసెంబరు 28న కందుకూరులో జరిగిన ఒక రోడ్‌షోలో తొక్కిసలాటకు ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు రోజులకు గుంటూరులో ఇంకో ముగ్గురు. 2023 జనవరి 2న జగన్ ప్రభుత్వం జీవో నంబర్ 1 ఇచ్చింది. రోడ్ల మీద సభలు దాదాపు వద్దంది. ప్రాణాలు పోయాక ప్రభుత్వం కదలడం తప్పు కాదు. కానీ జాగ్రత్తలు చెప్పాల్సిన చోట నిషేధం రాసింది. మే 12న హైకోర్టు జీవోను కొట్టేసింది. వీధుల్లో సభలను నియంత్రించవచ్చు గానీ మొత్తానికి లేకుండా చేయలేరని సుప్రీంకోర్టు 1972లోనే హిమత్‌లాల్ షా కేసులో చెప్పి ఉంది.

ఆంక్షలన్నీ కుట్రలే అనుకుంటే మాత్రం ఈ ప్రాంతం గురించి ఏమీ తెలియనట్టే. 2017 డిసెంబరులో ఉట్నూర్‌లో రెండు గిరిజన సమూహాల మధ్య రాళ్లు లేచిన రోజున, 2024 సెప్టెంబరులో జైనూర్‌లో ఇళ్లూ దుకాణాలూ తగలబడిన రోజున, జనం గుమికూడకుండా ఆపడం తప్ప ఏ కలెక్టరైనా ఏం చేస్తాడు? వాట్సాప్‌లో పుకారు పాకుతుంటే గంట ఆలస్యానికి ఒక బజారు కాలిపోతుంది. నిర్మల్ జిల్లాలోనే ఉన్న భైంసాకు 2020, 2021 అల్లర్ల గాయాలున్నాయి. 2022 నవంబరులో బీజేపీ నేత బండి సంజయ్ పాదయాత్రను అక్కడ మొదలుపెడతానంటే పోలీసులు కుదరదన్నారు. హైకోర్టు రెండు పక్షాల మాటా విని, పట్టణంలోకి పోకుండా బయట సభ పెట్టుకోమంది, జనం సంఖ్యకూ వేళకూ హద్దులు గీసింది. సభ జరిగింది, ఊరు ప్రశాంతంగా ఉంది. సమంజసమైన ఆంక్ష అంటే ఏమిటని విద్యార్థి ఎవరైనా అడిగితే నేను ఈ కేసు చూపిస్తాను.

అయితే అక్కడ ఒక జాతీయ పార్టీ ఉంది, వకీళ్లున్నారు, అత్యవసర విచారణకు లంచ్ మోషన్ వేయించే స్తోమత ఉంది. సాయంత్రం ఆరింటికి పర్మిషన్ లేదని తెలిసిన కడెం కూలీ సంఘం మర్నాటి పదింటికి రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాద్‌లో ఎవరి తలుపు తడుతుంది? హక్కు అందరికీ ఒకటే. హైకోర్టుకు బస్సు ఛార్జీ ఒకటే కాదు.

మూడు జిల్లాల పంపకం గురించి ముందు దాచిన చిక్కు ఇదే. నిర్మల్, ఆదిలాబాద్ వైపు మండలాల్లో నిషేధాజ్ఞలు ఇచ్చేది కలెక్టరో, ఆర్డీవోనో, అధికారం ఇచ్చిన తహసీల్దారో. పోలీసు అడుగుతాడు, రెవెన్యూ అధికారి ఆలోచిస్తాడు. కనీసం రెండు సంతకాలు. జన్నారం దగ్గరికొచ్చేసరికి మంచిర్యాల జిల్లా రామగుండం కమిషనరేట్‌లో ఉంది. అక్కడ మెజిస్ట్రేట్ అధికారాలూ కమిషనర్‌వే. అడిగేదీ ఇచ్చేదీ ఒకే కార్యాలయం. హస్తినమడుగు నుంచి ఝరీ మోసుకొచ్చేవాళ్లు దాటే ఆ జిల్లా సరిహద్దు దగ్గర సభ హక్కు తీరు కూడా మారిపోతుంది, బోర్డు మాత్రం ఉండదు.

హైదరాబాద్ దాకా పోకుండా స్థానికంగా వాడగలిగిన ఒక మెట్టు చట్టంలో ఉంది. 2024 జూలై 1 నుంచి 144 స్థానంలో 163 వచ్చింది. నంబరు మారినా అందులో ఒక వెసులుబాటు అలాగే ఉంది. ఉత్తర్వు వల్ల నష్టపోయే ఎవరైనా అదే మెజిస్ట్రేటుకు దాన్ని రద్దు చేయమనో మార్చమనో దరఖాస్తు ఇవ్వవచ్చు. ఆయన త్వరగా పిలిచి స్వయంగాగానీ వకీలు ద్వారాగానీ మాట వినాలి. తిరస్కరిస్తే కారణాలు రాసివ్వాలి. ఉట్నూర్‌లో ఆర్డీవో ఆఫీసు ఉంది, తెల్లకాగితానికి ఖర్చు లేదు. ఆ దరఖాస్తు మీద ముద్ర వేయించుకుని నకలు దగ్గర పెట్టుకున్నవాళ్ల కేసులే రేపు హైకోర్టులో నిలబడతాయి. ఫోన్లో చెప్పిన ‘లేదు’కు అప్పీలు ఉండదు గనక, పర్మిషన్ లేదన్న ప్రతిసారీ ఆ మాట కాగితం మీద అడగాలి. అడిగితే ఠాణాలో విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.